ఒక్క పేజీ కూడా దాచొద్దు

నరసక్క కొడవలి నా బల్లలో దిగినప్పుడు నా ఎడమచెయ్యి దానికి బెత్తెడు దూరంలో ఉంది. బెత్తెడంటే బెత్తెడే, కల్పించి చెప్పడం లేదు. కర్ణాటకలో ఉన్న మా పావగడ తాలూకా కచేరి గేటు పక్కన ముప్పై ఒక్క ఏళ్లుగా అర్జీలు రాస్తున్న బల్ల అది. తహసీల్దార్లు ఎందరో మారారు కానీ బల్ల మారలేదు. అంతవరకు దాని మీద గట్టిగా చెయ్యి చరిచినవాడు కూడా లేడు.

"నా బొటనేలు ఎవరికి అమ్మినావురా, ముసలి నా కొడకా?" అంది.

నా పేరు హనుమంతరాయుడు. అరవై మూడేళ్లు. మా అమ్మ పోయాక నన్ను 'రా' అన్నవాళ్లు లేరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లేచి నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆమె మడిచిన కాగితాలు నా ముఖాన కొట్టింది. పైన కోర్టు నోటీసు. దాని వెనక కుట్టిన నకలు చూసేసరికి తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఆ రాత నాది. ఈ తాలూకాలో నా రాతని గుడ్డివాడు కూడా గుర్తుపడతాడు.

కన్నడంలో నేను రాసిన ముక్క ఇది: 'బెంగళూరు ఆసుపత్రిలో జరిగిన నా మానసిక చికిత్స రికార్డులను నా భర్త సంజీవప్పకు ఇవ్వడానికి నేను సమ్మతిస్తున్నాను.' అడుగున నరసక్క వేలిముద్ర. నోటీసులో సంగతి ఇంకా ఘోరం. భార్యకు మతి స్థిమితం లేదు, ఆమెకూ ఆమె భూమికీ తనను సంరక్షకుడిగా నియమించాలి అని సంజీవప్ప కోర్టుకు పెట్టుకున్నాడు. ఇరవై రోజుల్లో విచారణ.

"సమ్మతిస్తాండానంట! ఎప్పుడు సమ్మతించినానప్పా? చెప్పు! నేను పిచ్చిదాన్నని, నా మీద వానికి అధికారం ఇమ్మని నేనే యేలు వేసినానంట. నేనే!" ఆమె గొంతు చీలిపోతోంది. గేటు దగ్గర జనం మూగారు. ఎవడో పోలీసులను పిలవమన్నాడు. "నీ పని నువ్వు చూసుకోరా" అని వాడి మీద అరిచాను. ఆ కొడవలి బల్లలో కాకుండా నా చేతిలో దిగినా ఆమెను తప్పుపట్టే నోరు నాకు లేదు.

ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పాలి, లేకపోతే నరసక్కది ఉత్త నోటిదురుసు అనుకుంటారు. నరసక్క వాళ్ల ఊరు క్యాతగానచెర్లు వైపు పోయే బస్సు ఒంటిగంటకు. అది తప్పితే సాయంత్రం దాకా ఇంకోటి లేదు. అందుకని మా గేటు దగ్గర ఒక అలవాటు ఉంది. ముందు వేలిముద్ర, తర్వాత రాత. తెల్లకాగితాల అడుగున వేలు వేయించుకుని మనిషిని బస్సుకు పంపేస్తాం. పైన నింపడం తర్వాత, తీరిగ్గా. సోలార్ పార్కు వచ్చినప్పటి నుంచి ఈ అలవాటు మరీ ముదిరింది. చేలు కంపెనీకి గుత్తకిచ్చే కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. నెల రోజులు ఆ ఊళ్లో అందరి బొటనవేళ్లూ నల్లగానే ఉన్నాయి. ఏ కాగితంలో ఏముందని అడిగినవాడు లేడు. అప్పుడు వేసిన వేలు ఎవరికీ చేటు చెయ్యలేదు. ఇక కాగితం కనిపిస్తే చాలు, వేలు దానంతటదే ముందుకొచ్చేది.

నాలుగు నెలల కింద సంజీవప్ప రేషన్ కార్డు పని అని చెప్పి పెళ్లాన్ని నా దగ్గరకు తీసుకొచ్చాడు. మూడు తెల్లకాగితాల మీద వేలు వేయించాను. బస్సు హారన్ కొట్టింది, ఆమె పరిగెత్తింది. అతను ఆగి నాకు టీ తెప్పించాడు. "అన్నా, ఒక కాగితం మిగిలిందే. నరసికి మతి బాగలేనప్పుడు బెంగళూరులో చూపించింటిమి. ఆ రికార్డులు తెస్తే ఆయమ్మకు పింఛనొస్తాదంట. రాసియ్యన్నా" అన్నాడు. రాసిచ్చాను. ఐదు నిమిషాల పని. మొగుడే కదా, పింఛనే కదా అనుకున్నాను. ఆమె మనసులో సంగతుల మీద ఆమెను ఒక్క మాట అడగాలని తోచలేదు. సిగ్గుమాలిన మాటే కానీ నిజం అదే.

నరసక్క తండ్రి తిప్పన్నకు ఆమె ఒక్కతే బిడ్డ. మెట్ట చేను, శనక్కాయ పంట. మంగళవాడ నుంచి సంజీవప్పను ఇల్లటం తెచ్చుకున్నాడు. ఇల్లటపు అల్లుడికి మా వైపు ఒక ఎగతాళి తప్పదు. దున్నేది తను, చేను పహణిలో పేరు పెళ్లానిది. "ఏం సంజీవప్పా, ఇంట్లో అడిగే వచ్చినావా?" అని టీ అంగడిలో ఎవరైనా అంటే నవ్వేవాడు. ఇంటికి పోయాక ఆ నవ్వుకు బదులు తీర్చుకునేవాడు. చర్నాకోలతో కొట్టాడు. కట్టెతో కొట్టాడు. ఒకసారి చేంతాడుతో స్తంభానికి కట్టేసి, స్పృహ తప్పేదాకా కొట్టి, నీళ్లు చల్లి లేపి మళ్లీ కొట్టాడు. మామ బతికున్నంతకాలం తలుపేసి, మామ పోయాక వాకిట్లో. కొట్టినంతసేపూ ఒకటే అడిగేవాడు: "ఎవరిదే చేను? చెప్పు, ఎవరిదే?"

"మా నాయనది" అనేది ఆమె.

'నీదే అనేస్తే పోతాది కదా' అని ఊళ్లో ఆడవాళ్లే బుగ్గలు నొక్కుకునేవాళ్లు. ఆమె అనలేదు. మొండిఘటం. పెదవి తెగినా పన్ను ఊడినా 'మా నాయనది' అనే మాట మాత్రం మారలేదు.

ఇక్కడ నేను పెద్దమనిషి వేషం వెయ్యను. మా ఆవిడ మీద నేనూ రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను. ఆ వీధిలో ఆ అరుపులు విన్నవాళ్లు నాలాంటివాళ్లే. అందుకే ఎవడూ తలుపు తట్టలేదు.

పదకొండేళ్ల కింద ఆమెకు ఐదో నెల. తాడు తెంపుకున్న దూడ పాలు తాగేసిందని సంజీవప్ప ఆమె కడుపు మీద తన్నాడు. మగబిడ్డ, చచ్చి పుట్టాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆమె మాట పడిపోయింది. పొద్దున లేచి బావి గట్టు మీద కూర్చునేది, అన్నం పెడితే అలాగే చేతిలో పట్టుకునేది. ఆమె తల్లి తన చెవికమ్మలు తాకట్టు పెట్టి బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. నలభై రెండు రోజులు అక్కడే. మాట తిరిగొచ్చింది, మనిషి తిరిగొచ్చింది. ఊరు మాత్రం ఆమెకు 'పిచ్చాస్పత్రి నరసి' అని పేరు పెట్టి ఊరుకుంది.

తర్వాత చేను సోలార్ అద్దాల కిందకు పోయింది. గుత్త డబ్బు ఆమె పేరు మీదే వస్తుంది. దున్నడానికి చేను లేకపోయాక సంజీవప్ప ఎద్దులను అమ్మేశాడు, చర్నాకోల మాత్రం ఉంచుకున్నాడు. ఆమె తన తండ్రి చేనులోనే అద్దాల కింద గడ్డి కోసే కూలికి పోయేది. అతను ఇంట్లో కూర్చుని తాగేవాడు. చేను తన పేరుకు మార్చమని కొట్టేవాడు. కొట్టి కొట్టి లాభం లేదని తెలిశాక ఈ కోర్టు దారి పట్టాడు. అదీ సంగతి. ఈ అర్జీ గెలిస్తే ఆమె కూలికి పోవాలన్నా అతన్ని అడగాలి, మాత్ర మింగాలన్నా అతన్ని అడగాలి. బతికుండగానే ఆమె పేరు చెరిగిపోతుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని నన్ను నేనే తిట్టుకుంటూ ఆమెను లాయరు వినుత దగ్గరకు తీసుకుపోయాను. చిన్న వయసు, పెద్ద నోరు. నేను చేసింది విని, "రాయుడుగారూ, ముందు మీ మీద కేసు పెట్టల్ల" అంది. తల వంచుకున్నాను. ఆమె కాగితాలు తిరగేసి ఒకచోట ఆగింది.

"నలభై రెండు దినాలు ఆస్పత్రిలో ఉంటే ఒక్క పేజీయేనా? జబ్బు పేరు, మాత్రల పేర్లు ఉండే పేజీ ఒకటే కోర్టుకిచ్చినాడు. మిగతాదంతా యాడ పెట్టినాడు?"

"నాకేం తెలుసమ్మా?" అంది నరసక్క.

"మిగతాది తెప్పిచ్చుకునే హక్కు నీదే. నీ ఫైలు, నీ సమ్మతి. నువ్వే పోయి అడగల్ల. ఆ పాత సమ్మతి నాది కాదని రాసియ్యల్ల. ఇంకో మాట వినక్కా. ఈ ఇరవై దినాలు వాడేం చేసినా నువ్వు చెయ్యెత్తద్దు. ఆ కొడవలి ఇంట్లో కూడా పెట్టుకోవద్దు. నువ్వు ఒక్కసారి కలబడితే పిచ్చిదనేదానికి వానికి అదే సాక్ష్యం."

మూడో రోజు నేనూ నరసక్కా తెల్లవారి బస్సుకు బెంగళూరు పోయాం.  దారిలో అరటిపండ్లు కొనిస్తే ఆమె కిటికీలోంచి పారేసింది. నాకు తగిన శాస్తే.

రికార్డుల గదిలో ఉన్న అమ్మాయి నా పాత కాగితం తీసి చూపించి, ఇది మీరే రాయించారా అని కన్నడంలో అడిగింది. "లేదు. ఈ ముసలాయప్ప రాసినాడు, నాకు చెప్పలే" అంది నరసక్క, నన్ను వేలు పెట్టి చూపిస్తూ. ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపుకు నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. పాత సమ్మతిని అడ్డంగా కొట్టేసి, కొత్త ఫారం ఇచ్చింది. అందులో ఉన్నవి నాలుగే ప్రశ్నలు. ఈ రికార్డులు ఎవరికి ఇవ్వాలి? ఏ భాగం ఇవ్వాలి? దేనికోసం? ఎంతకాలం వరకు? కింద ఒక వాక్యం: ఈ సమ్మతిని మీరు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ముందు చదివి, తర్వాత అడిగి, ఆ తర్వాత రాశాను. ఒక్కో ప్రశ్న చదువుతుంటే నరసక్క ముఖం మారిపోయింది.

"ఇన్నీ నన్నే అడగల్లనా?" అంది.

"నిన్నే అడగల్లమ్మా. ఇంకెవురినీ కాదు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. వేలెడు కాగితం కోసం ఏడ్చిన ముసలోడు అని నవ్వుకుంటే నవ్వుకోండి.

"అట్లయితే దాంట్లో ఏముండాదో మొత్తం చదువు. తెలుసుకున్నాకే యేలు వేస్తా" అంది.

పక్కగదిలో ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టింది. ఫైలు ఇంగ్లీషులో ఉంది. నాది అర్జీల ఇంగ్లీషే అయినా అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది. ఆమెను చూసిన డాక్టరు ఎవరో కానీ ఒక్కటీ వదల్లేదు. వీపు మీద పదిహేడు మచ్చలు, వేర్వేరు కాలాలవి. ఎడమ చెవి వినపడదు. రెండు పక్కటెముకలు విరిగి వంకరగా అతుక్కున్నాయి. తొడ మీద కాల్చిన గుర్తులు. కుడి మణికట్టు కొత్తగా విరిగింది. ఎవరు కొట్టారని అడిగితే మొదటి తొమ్మిది రోజులు తలుపు వైపు చూసింది, పదో రోజు మొగుడని చెప్పింది. చదువుతూ చదువుతూ నేను రెండుసార్లు ఆగిపోయాను. "చదువు" అంది ఆమె. తన ఒంటి మీదివి తనకు కొత్తవా?

ఇరవై మూడో రోజు పేజీలో ఆమె చెప్పిన మాటలే ఉన్నాయి. బిడ్డ పోయిన పన్నెండో రోజు, శనక్కాయ చేనుకు కొట్టే పురుగుమందు సంగటి ముద్దలో కలిపింది. మొగుడు కాళ్లు కడుక్కోవడానికి బయటికి పోయాడు. ఆ కొంచెంసేపట్లో ఆమె ముద్ద వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి దాన్ని పెంటదిబ్బలో లోతుగా పూడ్చిపెట్టి, చేతులు కడిగి, మళ్లీ ఎసరు పెట్టి, పిండి పోసి కొత్త సంగటి గెలికింది. కూడు ఆలస్యమైందని సంజీవప్ప ఆమె కుడిచేతిని గడప మీద పెట్టి రోకలితో కొట్టాడు. మణికట్టు విరిగింది ఆ రోజే. మాట పడిపోయింది కూడా ఆ రోజే.

ఆఖరి పేజీలో డాక్టరు రాసింది: ఈమె జబ్బు దెబ్బల వల్ల, దుఃఖం వల్ల వచ్చింది, తగ్గింది, తన మంచిచెడ్డలు తాను చూసుకునే తెలివి ఈమెకు పూర్తిగా ఉంది. సంజీవప్ప దాచింది ఈ పేజీనే.

వినుతకు ఫోన్ చేశాను. ఫైల్లో ఉన్నదంతా చెప్పాను. విని, "అక్కకు ఇయ్యండి" అందామె. స్పీకర్ పెట్టాను.

"అక్కా, గాయాలుండే పేజీలు చాలు, ఆఖరి పేజీ చాలు. ఏ భాగం ఇయ్యల్లనేది నీ ఇష్టం. ఆ ముద్ద పేజీ మాత్రం వద్దు. వాళ్ల లాయరు దాన్ని పట్టుకుంటాడు. చంపబోయింది, ఇది ప్రాణాలు తీసే పిచ్చి అంటాడు. పోలీసు కేసూ కావచ్చు. గెలిచే కేసు చేతులారా పోగొట్టుకుంటావు."

"వాడు ఒక పేజీ చూపిచ్చి తక్కినవి దాచినాడు. నేనూ ఒకటి దాచితే వానికీ నాకూ తేడా ఏంది?" అంది నరసక్క.

"తేడా గురించి తర్వాత మాట్లాడుకుందాం. జైలుకు పోతావు."

"పోతా. అది కూడా నేను చేసిందే కదమ్మా." నా వైపు తిరిగింది. "రాయన్నా. మొత్తం ఇమ్మని రాయి. ఒక్క పేజీ కూడా దాచొద్దని రాయి."

అన్నా అంది. ఆ పిలుపుకు పొంగిపోయే తీరికెక్కడ? "ఆలోచించుకో తల్లీ, గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది" అన్నాను. నా చేతిలో పెన్ను లాక్కుని కాగితం మీద గుచ్చినంత పని చేసింది. రాశాను, మళ్లీ చదివి వినిపించాను. అప్పుడు వేలు వేసింది.

మేం బెంగళూరు పోయిన సంగతి సంజీవప్పకు తెలియకుండా ఉంటుందా? మర్నాడే కచేరి గేటు దగ్గరకు వచ్చాడు. నన్ను కుర్చీలోంచి ఈడ్చి నా బల్ల మీదే ముఖం వేసి కొట్టాడు. ముందరి పళ్లు రెండు ఊడిపోయాయి. "మొగుడూ పెండ్లాల నడమ నీకేం పనిరా?" అని డొక్కలో తన్నాడు. ఆ తన్ను తగిలాకే నాకు ఐదో నెల కడుపు మీద తన్నంటే ఏమిటో కొంచెం తెలిసింది. నోట్లో నెత్తురుతోనే వాణ్ని వాడి ఏడు తరాల దాకా తిట్టాను. పోలీసు స్టేషన్లో అర్జీ ఇచ్చాను, నా చేత్తో రాసుకుని.

ఇంట్లో మాత్రం ఇంకో నాటకం మొదలుపెట్టాడు. తలుపేసి కొడతాడు. అద్దాలు కడిగే పొడుగాటి బ్రష్షు కర్రతో, గాయం కనపడని చోట చూసి కొడతాడు. ఆమె తట్టుకోలేక అరుస్తూ జుట్టు విరబోసుకుని బయటికి పరిగెత్తేసరికి వాకిట్లో ఫోన్ పట్టుకుని నిలబడి వీడియో తీస్తాడు. "చూడండప్పా, మా ఆయమ్మ ఎట్ల చేస్తాండాదో, కొడవలి తెచ్చుకో నరసీ, తెచ్చుకో!" అని రెచ్చగొడతాడు. పదిహేను రోజులు ఇదే బాగోతం. వాడి మీద మన్ను పడ! నువ్వు మా ఇంటికి వచ్చెయ్యి అని మా ఆవిడ పిలిచింది. ఆమె రాలేదు. "నేను ఇల్లు వదిలితే, పిచ్చిది లేచిపోయిందంటాడు వదినా" అంది. కొడవలి మా ఇంట్లో పెట్టింది. చెయ్యి మాత్రం ఎత్తలేదు. తిరగబడే మనిషి తిరగబడకుండా దెబ్బలు తింటోందని వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. పోయి వాడి తల పగలగొట్టి వస్తానని ఒకరోజు లేచాను. మా ఆవిడ నవ్వింది. "ఉండే నాలుగు పండ్లు కాపాడుకోప్పా" అంది.

విచారణ రోజు జడ్జిగారు గదిలోంచి అందరినీ పంపేసి, మమ్మల్ని నలుగురైదుగురిని ఉంచారు. సాక్షినని నన్ను ఉండనిచ్చారు. ముందు సంజీవప్ప లాయరు వీడియోలు చూపించాడు. ఫోన్‌లో నరసక్క జుట్టు విరబోసుకుని అరుస్తోంది, మట్టి ఎత్తి పోస్తోంది. అవి చూస్తే నిజంగా పిచ్చిదనే అనిపిస్తుంది. తెలిసిన నాకే అలా అనిపించింది.  జడ్జిగారు ఏదో రాసుకున్నారు. సంజీవప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లి పెద్దలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత వినుత ఫైలు ఇచ్చింది. ఇది పూర్తి ఫైలని, అర్జీదారు ఇందులోంచి ఒక్క పేజీ తెచ్చాడని చెప్పింది. "పూర్తిగా చదవడానికి మీకు సమ్మతమేనా?" అని జడ్జిగారు నరసక్కను కన్నడంలో అడిగారు. ఆ నెలలో రెండోసారి ఆమెను ఒకరు అడిగారు. "సమ్మతమే సామీ" అంది.

జడ్జిగారు గాయాల పేజీలు పైకి చదివారు. పదిహేడు మచ్చలు, పక్కటెముకలు, చెవి, తొడ. సంజీవప్ప నేల చూడలేదు, సిగ్గుపడలేదు. "ఆడదానికి రెండు దెబ్బలు పడవా సామీ? ఏ ఇంట్లో లేదు?" అన్నాడు. వాడి లాయరు వాడి మోచెయ్యి గిల్లాడు. ఆఖరి పేజీ చదివారు, ఆమెకు తెలివి పూర్తిగా ఉందని. అప్పుడు వాడి లాయరు లేచి, మధ్యలో ఇరవై మూడో రోజు పేజీ కూడా చదవమన్నాడు. వినుత ఇచ్చిన నకలులో ముందే చూసుకున్నాడు వాడు, సంజీవప్పకు మాత్రం చెప్పినట్టు లేదు. వినుత కళ్లు మూసుకుంది. నేను నా ఆంజనేయుణ్ని తలుచుకున్నాను.

జడ్జిగారు చదివారు. మందు, ముద్ద, దిబ్బ, కొత్త సంగటి, గడప, రోకలి. చదువుతున్నంతసేపు సంజీవప్ప ముఖంలో రంగు దిగిపోతూ వచ్చింది. పదకొండేళ్ల కిందటి ఆ పొద్దు వాడికి జ్ఞాపకం వచ్చింది కాబోలు, కాళ్లు కడుక్కుని వచ్చి కూడేదని అరిచిన పొద్దు. లాయరు నోరు తెరిచి, "చూడండి, భర్తను చంపడానికి..." అనేలోపే సంజీవప్ప బల్ల దాటి దూకాడు.

"నాకు మందు పెడ్తావే, లంజా? నాకే?"

జుట్టు పట్టుకుని ఆమె తలను బోను కొయ్యకేసి కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. కొయ్య చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను వాడి నడుం పట్టుకున్నాను, విదిలించేశాడు. జవాను వచ్చాడు, బయట నుంచి ఇద్దరు పోలీసులు వచ్చారు. ముగ్గురు కలిసి వేళ్లు ఒక్కొక్కటిగా విప్పితే కానీ ఆమె జుట్టు వదల్లేదు. వాడి పిడికిట్లో ఆమె వెంట్రుకలు గుప్పెడు మిగిలాయి. జడ్జిగారు లేచి నిలబడి ఇదంతా కళ్లారా చూశారు. వాడి లాయరు తన కాగితాలు సర్దుకుని దూరంగా జరిగాడు.

నరసక్క చెయ్యి ఎత్తలేదు. నుదురు చీలి, నెత్తురు కంట్లోకి కారుతుంటే కొయ్య పట్టుకుని లేచింది. వినుత తన పైట చెంగు ఆమె నుదుటికి అదిమింది. జడ్జిగారు ఆ అర్జీని అప్పటికప్పుడే కొట్టేశారు, సంజీవప్ప మీద కేసు రాసుకోమని పోలీసులకు చెప్పారు.  నీళ్లు తెప్పించి, "ఇంకేమైనా చెప్పుకోవాలా అమ్మా?" అని అడిగారు.

ఆమె జడ్జిగారి వైపు చూడలేదు. ఇద్దరు పోలీసుల మధ్య ఇంకా గింజుకుంటున్న మొగుడి వైపు తిరిగింది. ఇంటి దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది, గొంతు కూడా పెంచలేదు.

"ఆ పొద్దు ఆ ముద్ద నీ ముందర పెట్టింటే నీ పని అయిపోయిండేది. పూడ్చిపెట్టి వచ్చి, మళ్లా ఎసరు పెట్టి, కొత్తది చేసి పెట్టినా. మతి లేకుంటే పెట్టేసిండేదాన్ని. నాకు మతి ఉండబట్టే పదకొండేండ్లు బతికినావురా నువ్వు."